కోఠిలో కొన్న కెపాసిటర్లు: పెద్దదాని కంటే బుల్లిదే నయం

రికార్డ్ ప్లేయర్ కోసం కిట్ తెచ్చి నేనే టంకం పెట్టుకున్న ఫోనో ప్రీయాంప్‌తో (ప్లేయర్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే బోర్డు) ఒక బాధ ఉండేది. వాల్యూమ్ పెంచి బోర్డు మీద ప్లాస్టిక్ పెన్నుతో మెల్లగా తట్టినా స్పీకర్లలో టంగుమని మోగేది. కిట్‌లో వచ్చిన సిరామిక్ కెపాసిటర్ల పుణ్యమే అది. ఆ రకం సిరామిక్ అదిరితే దానిలోంచే కాస్త వోల్టేజి పుడుతుంది, అంటే సగం మైకు లాంటిదన్నమాట, పైగా కార్ట్రిడ్జ్ (రికార్డు మీద నడిచే సూది ఉండే భాగం) నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లోనే కాబట్టి ఆ చప్పుడు కూడా పాటతో పాటే పెద్దదైపోతుంది.

వాటి బదులు పెడదామని కోఠి గుజరాతీ గల్లీలో ఓ కొట్టుకెళ్లి 1 మైక్రోఫారాడ్ (కెపాసిటర్ల కొలత) ప్లాస్టిక్ ఫిల్మ్ కెపాసిటర్లు రెండు రకాలు తెచ్చా. 63 వోల్టుల పాలియెస్టర్ ఒక్కోటి 12 రూపాయలు, 250 వోల్టుల పాలీప్రొపిలీన్ 60. ఇంటికొచ్చి చూస్తే పాలియెస్టర్లలో ఒకదాని మీద 1 మైక్రోఫారాడ్‌కి గుర్తైన 105కి బదులు 104 ఉంది! అంటే 0.1 మైక్రోఫారాడే. చూసుకోకుండా పెట్టేస్తే ఒక చానల్‌లో బేస్ పల్చబడేది. మర్నాడు వెళ్తే మారు మాట్లాడకుండా మార్చిచ్చాడు గానీ, బస్సు ఖర్చు నాది. కౌంటర్ దగ్గరే భూతద్దం పెట్టి చదువుకోండి.

పాలీప్రొపిలీన్ మంచిదని అందరూ అంటారు, దానిలో వృథా అయ్యే శక్తి తక్కువన్నది నిజమే. కానీ అగ్గిపెట్టెంత ఉంది, 5 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రంధ్రాల్లో ఎలా కూర్చుంటుంది? కాళ్లు వంచి నిలబెడితే కొంగలా ఊగుతోంది. కింద సిలికాన్ పెట్టి బోర్డుకి అతికించాకే కుదురుకుంది. ఇక్కడొక జాగ్రత్త: బాత్రూమ్ పనులకి వాడే, వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ వద్దు, అందులోంచి వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసున్నదే అడగండి. హాట్ గ్లూ అయితే వేడెక్కే భాగాల పక్కన మెత్తబడిపోతుంది.

పాలియెస్టర్‌ది మాత్రం బోర్డుకి అంటుకుని బుద్ధిగా కూర్చుంది, జిగురు అక్కర్లేదు. పెన్నుతో తడితే చెవి ఆనించి వింటే తప్ప ఏమీ లేదు. తమ్ముడి చేత రెండూ మార్పించి, ఏది ఉందో నాకు చెప్పొద్దని చెప్పి విన్నా. నాకు తేడా తెలియలేదు, వాడికీ తెలియలేదు. బోర్డులో 12 రూపాయలవే ఉంచేశా. పెద్దవి డబ్బాలో పడున్నాయి, ఎప్పుడైనా స్పీకర్ క్రాసోవర్ (పెద్ద, చిన్న స్పీకర్లకి శబ్దాన్ని పంచే సర్క్యూట్) విప్పితే చూడాలి, అక్కడ చోటుకేం కొదవ లేదు.