బడి భోజనం మీద ఇంటర్న్‌షిప్: వంటగదిలోనా, ఆఫీసులోనా? ఏది మేలు?

మా పిన్ని కూతురు నెల్లూరులో బీఎస్సీ చదువుతోంది, న్యూట్రిషన్ ఒక సబ్జెక్టు. పోయిన వారం ఫోన్ చేసి, "అక్కా, మూడు వచ్చినయ్, ఏది పట్టుకోమంటావు?" అంది. ఒకటి హైదరాబాద్‌లో ఒక సంస్థ. బడి పిల్లల పోషకాహారం మీద చట్టాలు, జీవోలు చదివి, నివేదికలు, వినతి పత్రాలు రాయాలి. రెండు నెలలు, కొంచెం స్టైపెండ్. రెండోది వాళ్ల లెక్చరర్ చేయించేది. కోవూరు వైపు ఎనిమిది బడుల్లో మధ్యాహ్న భోజనం చూసి రాసుకురావాలి. స్టైపెండ్ లేదు, బస్సు ఛార్జీ కూడా మనదే. మూడోది ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్ దగ్గర. డైటీషియన్ అవ్వాలన్న ఆశ దానికి లేదు కాబట్టి మూడోదాన్ని ఫోన్లోనే పక్కన పెట్టేశాం. మిగిలిన రెండూ నేను చేసినవే, వేర్వేరు ఏళ్లలో.

ముందు వంటగది సంగతి. బడి భోజనానికి కేంద్రం పెట్టిన కొలతలు మాకు క్లాసులో బట్టీ పట్టించారు. ఐదో తరగతి దాకా ఒక్కో పిల్లకు బియ్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5. ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే 150, 30, 75, 7.5. తిన్న పిల్లకు కింది తరగతుల్లో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలి. పై తరగతుల్లో 700 కేలరీలు, 20 గ్రాములు. ఇవన్నీ నోటికి వచ్చు గదా అన్న ధీమాతో, చిన్న తూకం మిషన్ సంచిలో వేసుకుని వెళ్లాను.

కోవూరు దగ్గర ఒక ప్రాథమిక బడి. వంట చేసే ఆమెను పిల్లలందరూ అత్తా అనే వాళ్లు, నేనూ అత్తా అన్నాను. ఆరోజు సాంబారు. హాజరు 46 మంది, అంటే 920 గ్రాముల కందిపప్పు పడాలి. అత్త స్టీలు గ్లాసుతో మూడు గ్లాసులు కొలిచి కడగబోతుంటే ఆపి, తూకం వేశాను. 650 గ్రాములు వచ్చింది. దొంగను పట్టుకున్నంత సంబరం నాకు. పుస్తకంలో రాసుకుంటుంటే ఆమె పక్కన కూర్చుని టమాటాలు కోస్తూ అంది: "రాసుకో పాపా. కొట్లో మూడు నెలల అప్పుండాది, అది గూడా రాసుకో. బిల్లు పడితే పప్పు గూడా పడతాది."

బియ్యం, గుడ్లు, చిక్కీ సర్కారు నుంచి వస్తాయి. పప్పు, నూనె, కూరగాయలు, పోపు సామాను మాత్రం వంట ఏజెన్సీ ఆడవాళ్లే ముందు తమ చేతి డబ్బుతోనో అప్పుతోనో కొనాలి, బిల్లు తర్వాత. 2025 మే నుంచి ఈ సరుకులకు కేంద్రం లెక్క కింది తరగతుల్లో పిల్లకు రోజుకు రూ.6.78, పై తరగతుల్లో రూ.10.17. రాష్ట్రం కావాలంటే పైన కలుపుకోవచ్చు. వండే మనిషికి గౌరవ వేతనం మన రాష్ట్రంలో 2019లో వెయ్యి నుంచి 3,000కు పెరిగింది. నెలకు మూడు వేలు తీసుకునే మనిషి, మూడు నెలల సరుకు అప్పు తెచ్చి ఊరి పిల్లలకు అన్నం పెడుతోంది. ఆ 270 గ్రాముల లోటు ఎక్కడ నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. హైదరాబాద్‌లో కూర్చుని ఉంటే "పప్పు తక్కువ వేస్తున్నారు, తనిఖీలు పెంచాలి" అని రాసి ఉండేదాన్ని. తనిఖీ పెంచితే అత్తకు ఇంకో టెన్షన్ తప్ప గ్లాసు పెరగదు.

ఇంత తెలుసుకుని నేను చేసింది ఏంటంటే, రికార్డు బుక్కులో రాసి సబ్మిట్ చేయడం. మార్కులు బాగానే వచ్చాయి. ఆ బుక్కు స్టాఫ్ రూం బీరువాలోకి వెళ్లింది, ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. వంటగదిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు ఉన్న పెద్ద లోపం ఇదే. చూస్తాం, మనసు చివుక్కుమంటుంది, అక్కడితో సరి.

ఇక ఆఫీసు వైపు. ఈ రోజు బడిలో వేడన్నం పెడుతున్నారంటే దాని వెనక ఒక కోర్టు కేసు ఉంది. 1995లో పథకం మొదలైనప్పుడు చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా బియ్యమో గోధుమలో పంచేవి. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన దగ్గర 2003 జనవరిలో పొయ్యిలు వెలిగాయి. పళ్లెంలో గుడ్డు సంగతీ అంతే. కేంద్రం కొలతల్లో గుడ్డు లేదు, పెట్టాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. మన దగ్గర పెడుతున్నారు, కొన్ని రాష్ట్రాల్లో పెట్టరు. తడ దాటి తమిళనాడులోకి అడుగుపెడితే, 2022 నుంచి చిన్న బడుల్లో పొద్దున టిఫిను కూడా ఉంది. ఈ తేడాలన్నీ ఎవరో కాగితం రాసి, ఎవరి చేతనో చదివించి, వెంటపడితే వచ్చినవి. ఆ పని నేర్పేది ఆఫీసు ఇంటర్న్‌షిప్.

నేర్పితే, అనాలి. నేను చేరిన చోట మొదటి నెలంతా నా చేత పోస్టర్లు చేయించారు. ఎర్ర క్యారెట్ బొమ్మ, కింద రెండు ముక్కలు, రోజుకొకటి. సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చి, స్టైపెండ్ చాలక ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుని హాస్టల్‌కు కట్టింది ఇందుకా అని ఏడుపొచ్చింది. రెండో నెలలో ఒక పెద్దాయన చేతి కింద పడ్డాను. జీవో ఎట్లా చదవాలి, బడ్జెట్‌లో పద్దు ఎక్కడ వెతకాలి, సమాచార హక్కు కింద ప్రశ్న ఎట్లా అడిగితే తప్పించుకోలేరు, ఇవన్నీ ఆయన నేర్పినవే. మండల ఆఫీసులో రూ.5 కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని అప్పటిదాకా నాకు తెలియదు. ఎమ్మెల్యేకి ఇవ్వడానికని ఆరు పేజీలు రాసి ఇస్తే, కొట్టేసి కొట్టేసి రెండు పేజీలు చేశారు. అందులో ఆయన ముట్టుకోని పేరా ఒక్కటే, మూడు గ్లాసుల పప్పు పేరా.

మా చెల్లెల్ని నేను అడిగింది ఒకటే: "నువ్వు ఎప్పుడైనా ఆ ప్లేటులో తిన్నావా?" తినలేదు. చిన్నప్పటి నుంచి ప్రైవేటు బడి, ఇంటి నుంచి క్యారియరు. అట్లాంటి పిల్లకు కోవూరు బడులే మేలు, స్టైపెండ్ పోయినా సరే. అదే సర్కారు బడిలో పదో తరగతి దాకా తిన్న పిల్ల అడిగి ఉంటే మొహమాటం లేకుండా హైదరాబాద్ పొమ్మనేదాన్ని. ఆ సాంబారు సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితం ఎక్కడ ఇస్తే కదులుతుందో తెలిస్తే చాలు.

ఆఫీసుకే పోయేవాళ్లు చేరకముందు రెండు విషయాలు అడగండి. నేను రాసింది ఎవరు చదువుతారు? తెలుగులో రాయొచ్చా? మొదటిదానికి జవాబు నసిగితే పోస్టర్లే గతి. రెండోది ఎందుకంటే, ఇంగ్లీషులో ఎంత అందంగా రాసినా పేరెంట్స్ కమిటీ తల్లులకు, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ పట్టుకుని నిలబడే వాళ్లకు పనికిరాదు. వంటగదికి పోయేవాళ్లు విద్యాశాఖ నుంచి అనుమతి లెటరు ముందే తెచ్చుకోండి. అది లేకపోతే హెచ్‌ఎంలు గేటు దగ్గరే కూర్చోబెడతారు, వాళ్ల భయం వాళ్లది.

ఇంతా చెప్పాక అసలు చిక్కు బయటపడింది. వాళ్ల కాలేజీ ఇంటర్న్‌షిప్‌కు ఇచ్చింది మే, జూన్ నెలలు. మేలో బడులకు సెలవులు, పొయ్యే వెలగదు, ఇంకేం చూస్తుంది? అందుకని మేలో హైదరాబాద్ సంస్థ పని ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో చేస్తానని, జూన్‌లో నెల్లూరు బడుల వివరాలు తానే తెచ్చి ఇస్తానని వాళ్లకు రాసింది. ఇంకా జవాబు రాలేదు. లెక్చరర్ మాత్రం సరే అన్నారట.

జూన్ 12న బడులు తెరుస్తారు. అప్పటికి నా పాత తూకం మిషన్‌కు సెల్లు మార్చి పంపమంది. పంపుతాను గానీ, పోయిన ప్రతి బడిలో ముందు గ్లాసును తూచుకోమన్నాను. ఒక్కో వంటగదిలో ఒక్కో గ్లాసు ఉంటుంది.