ఇరుకు పార్కింగ్‌లో కారు: రబ్బరు స్టాపర్ నుంచి వేలాడే బంతి దాకా ఏది నిలిచింది

హైదరాబాద్ నాచారంలో 150 గజాల్లో కట్టిన ఇల్లు మాది. మెట్లు, సంపు, బోరు మోటారు, రెండు స్కూటర్లు పోగా కారుకు మిగిలిన చోటు పిల్లర్ల మధ్య 8 అడుగులు, గేటు నుంచి వెనక గోడ దాకా 14 అడుగులు. కొన్నేళ్లుగా రోజూ అందులోనే స్విఫ్ట్ పెడుతున్నాం. ఇంట్లో ముగ్గురం నడుపుతాం, ముగ్గురు నడిపే తీరూ మూడు రకాలు. కాబట్టి కింద చెప్పే ప్రతి వస్తువునూ ఎండకీ వానకీ ఆగిందా, ముగ్గురికీ అక్కరకొచ్చిందా అని చూసే చెబుతున్నాను.

ఏదైనా కొనేముందు టేపు తీసుకుని కొలవండి. స్విఫ్ట్ వెడల్పు 1,735 మిల్లీమీటర్లు, అదీ పక్క అద్దాలు కలపకుండా. 8 అడుగులంటే 2,438. తేడా 703, అంటే దాదాపు 28 అంగుళాలు. కారును సరిగ్గా మధ్యలో పెడితే అటు 14, ఇటు 14. ఆ సందులో తలుపు తీసుకుని దిగడం మా నాన్నగారి వయసు వాళ్ల వల్ల కాదు. ఎడమవైపు 9 అంగుళాలే వదిలితే డ్రైవరు వైపు 19 దొరుకుతాయి. మిగతావాళ్లు గేటు బయటే దిగిపోతారు. ఎడమ పిల్లర్లకు దగ్గరగా పెట్టడం అలవాటయ్యాక మా ఇంట్లో సగం టెన్షన్ పోయింది. ఇక పొడవు చూస్తే, కారు 3,845 మిల్లీమీటర్లు, చోటు 4,267. మిగిలేది పదహారున్నర అంగుళాలు. అందులో వెనక పది, గేటు వైపు ఆరు వదులుతాం. మాది పక్కకు జరిగే గేటు కాబట్టి సరిపోయింది. లోపలికి తెరుచుకునే రెక్కల గేటైతే ఈ లెక్క కుదరదు.

అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది నేల మీద బిగించే రబ్బరు వీల్ స్టాపర్. నల్ల రబ్బరు మీద పసుపు పట్టీలతో, అపార్టుమెంటు సెల్లార్లలో కనిపించేదే. మావి సుమారు నాలుగు అంగుళాల ఎత్తు, రెండడుగులకు కాస్త తక్కువ పొడవు. వెనక చక్రం దానికి తగిలి ఆగుతుంది, అంతే. తల తిప్పక్కర్లేదు, తెర చూడక్కర్లేదు, బ్యాటరీ అయిపోతుందన్న బెంగ లేదు. రాత్రి కరెంటు పోయినా, వానకు అద్దాలు మసకబారినా అదే పని అదే చోట చేస్తుంది. ఒక్క చక్రానికి పెట్టినా కారు ఆగుతుంది గానీ, రెండు చక్రాలకూ పెడితే కారు వంకరగా ఉంటే వెంటనే తెలిసిపోతుంది. ముందు ఒక చక్రం తగిలి రెండోది తగలకపోతే, కారు తిన్నగా లేదని అర్థం.

బిగించే చోటు లెక్కతో తేల్చకండి. ఒకరిని వెనక నిలబెట్టి కారును సరిగ్గా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపండి. స్టాపర్‌ను టైరుకు ఆనించి చుట్టూ సుద్దతో గీత గీయండి. కారు తీసేశాక డ్రిల్లు పెట్టండి. పార్కింగ్ టైల్స్ అయితే ముందు హ్యామర్ మోడ్ (డ్రిల్లు సుత్తిలా కొడుతూ తిరిగే పద్ధతి) లేకుండా టైలు దాటే వరకు మెల్లగా వెళ్లాలి, లేకపోతే టైలు చిట్లుతుంది. ముందు నుంచి లోపలికి పెట్టేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చాలా కార్లకు ముందు బంపర్ కింది అంచు వెనక బంపర్ కంటే కిందికి ఉంటుంది. స్టాపర్ ఎత్తు దానికి తగులుతుందేమో ముందే కొలవండి.

డ్రిల్లు పెట్టేముందు మన ఊళ్లలో తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: కింద సంపు ఎక్కడిదాకా ఉంది? చాలా ఇళ్లలో మంచినీళ్ల సంపు కారు నిలిపే చోటు కిందే ఉంటుంది. ఆ స్లాబులో రంధ్రం పెడితే కారు కడిగిన మురికి నీళ్లు తాగే నీళ్లలోకి దిగుతాయి. మా కుడి చక్రం చోటు కింద సంపే ఉంది. అందుకని అక్కడ బోల్టు వేయలేదు. వెనక గోడకూ స్టాపర్‌కూ మధ్య దూరాన్ని కొలిచి, సరిగ్గా అంత పొడవున్న టేకు రీపరు ముక్క అడ్డం పెట్టించాం. టైరు నెట్టినా రీపరు గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి స్టాపర్ వెనక్కి జరగదు. నేల కడిగేటప్పుడు తీసి పక్కన పెడతాం. బోల్టు వేసిన ఎడమ స్టాపర్ ఎంత గట్టిగా ఉందో ఇదీ అంతే గట్టిగా ఉంది.

"సెన్సర్లు, కెమెరా ఉండగా ఇదంతా ఎందుకు" అని బంధువులు అడుగుతుంటారు. 2019 జూలై నుంచి మన దేశంలో కొత్త కార్లకు వెనక సెన్సర్లు తప్పనిసరి చేశారు, మంచి పనే. రోడ్డు మీద, షాపింగ్ మాల్‌లో వాటికి సాటి లేదు. కానీ సెన్సర్ సుమారు అడుగు దూరంలోనే ఆగకుండా మోగడం మొదలుపెడుతుంది. నేను వదిలేది పది అంగుళాలు. అంటే అసలు జాగ్రత్త కావలసిన ఆ చివరి జానెడులో అది ఒకే మోత మోగిస్తుంది, ఇంకా ఎంత ఉందో చెప్పదు. సన్నటి పైపులూ, బంపర్ కంటే కిందున్న గట్లూ దానికి సరిగ్గా అందవు.

కెమెరా సంగతి ఇంకాస్త లోతుగా చెప్పాలి, ఎందుకంటే ర్యాంపు ఉన్న ప్రతి ఇంటికీ ఇది వర్తిస్తుంది. తెర మీద కనిపించే పచ్చ, పసుపు, ఎరుపు గీతలు సమతల నేలకు లెక్కగట్టినవి. కారు ఇంకా రోడ్డు మీద ఉండి, వెనక నేల పైకి లేస్తూ ఉంటే, వెనకున్నవి ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి. గోడ ఇంకా చాలా దూరం ఉందనిపిస్తుంది, నిజానికి ఉండదు. నాలుగు చక్రాలూ ర్యాంపు ఎక్కి సమంగా నిలిచాకే ఆ గీతలను నమ్మండి. ఇంకొకటి, రివర్సులో స్టీరింగు తిప్పినప్పుడు కారు ముందు మూల బయటికి ఊగుతుంది. గేటు పక్క పిల్లరుకు గీసుకునేది ఆ మూలే, కెమెరాకు అది కనిపించదు. చూపు తెర మీదే ఉంటే ఆ గీత పడేదాకా తెలియదు.

స్లాబు కొక్కెం నుంచి దారంతో బంతిని వేలాడదీయడం పాత చిట్కా. మా ఆవిడకు ఇదే అన్నిటికంటే ఇష్టం. రివర్సులో వెళ్తాం కాబట్టి బంతి వెనక అద్దానికి మెత్తగా తాకేలా ఎత్తు సరిచేశాం. లోపలి అద్దంలో చూస్తూ వెళ్తే బంతి కారుకు మధ్యలో ఉందా పక్కకు పోయిందా కూడా తెలుస్తుంది. స్టాపర్ ఎక్కడ ఆగాలో ఒక్కటే చెబుతుంది, బంతి దారి కూడా చెబుతుంది. కాకపోతే మాది మూడు వైపులా తెరిచి ఉన్న పోర్టికో. ఆషాఢం గాలులకు బంతి ఊగుతూ ఉండేది. ఒక దారం బదులు రెండు కొక్కేల నుంచి రెండు దారాలు ఏటవాలుగా దించి బంతి దగ్గర కలిపితే పక్కలకు ఊగడం ఆగిపోయింది. వెనక డోరు ఎత్తితే బంతి అడ్డొస్తుంది. సామాను దించే రోజున దాన్ని పక్కకు తగిలించాల్సి వస్తోంది. బంతికి బదులు వచ్చే లేజర్ లైటు కూడా పెట్టి చూశాం. పగటి వెలుతురులో చుక్క కనబడలేదు, తీసేశాం. నాలుగు వైపులా మూసిన గ్యారేజీ ఉన్నవాళ్లకైతే అది నచ్చవచ్చు.

పిల్లర్లకు అంటించే పసుపు నలుపు ఫోమ్ గార్డుల మీద నాకు కొంచెం కోపం ఉంది. వస్తువు మంచిదే, అంటించే టేపుతోనే గొడవ. ఏప్రిల్, మే ఎండలకు జిగురు కరిగి జారిపోయింది, పోతూ పోతూ పెయింటు పొర కూడా ఊడదీసింది. ఎండ నేరుగా పడే పిల్లరు మీద ఫోమ్ పెళుసై పొడిగా రాలింది. ఇప్పుడు ఎండ పడే చోట స్క్రూలతో బిగించే గట్టి రబ్బరు మూలలు, నీడలో ఫోమ్ పెట్టాం. ఫోమ్‌ను టేపుతో వదిలేయకుండా పిల్లరు చుట్టూ ప్లాస్టిక్ టై వేసి కట్టాం. డోరు తెరిచినప్పుడు తగిలే ఎత్తు కొలిచి అక్కడే పెట్టండి, పిల్లరంతా కప్పక్కర్లేదు. వెనక గోడకు మాత్రం మందపాటి ఫోమ్ వద్దు. సెన్సర్ మనకు వినిపించని శబ్దాన్ని పంపి, అది గోడకు తగిలి తిరిగొస్తే దూరం తెలుసుకుంటుంది. మెత్తటి వస్తువులు ఆ శబ్దాన్ని పీల్చుకుంటాయి, గోడ ఆలస్యంగా తెలియవచ్చు.

నేల మీద పసుపు గీత చవకైన సాయం. కుడి చక్రం నడిచే దారి వెంట గీయండి, అప్పుడు డ్రైవరు తన వైపు అద్దంలోనే చూసుకోవచ్చు. టైల్స్ మీద మామూలు పెయింటు టైరు రాపిడికి త్వరగా లేచిపోయింది, మెరిసే రిఫ్లెక్టివ్ టేపు ఎక్కువ కాలం ఉంది. మనిషి కదలికకు వెలిగే సెన్సర్ లైటు పెట్టించుకోండి, పిల్లులు వచ్చినా వెలుగుతుంది గానీ ఫర్వాలేదు. దాన్ని వెనక గోడ మీద కాకుండా పక్క గోడ మీద పెట్టండి. వెనక పెడితే వెలుతురు నేరుగా కెమెరా కంట్లో పడి ఏమీ కనబడదు.

గేటు ఎదురుగా పెట్టే కుంభాకార (బయటికి ఉబ్బిన) అద్దం కారును లోపల పెట్టడానికి కాదు, బయటికి తీసేటప్పుడు చూసుకోవడానికి. ఎదురింటి వాళ్లను అడిగి వాళ్ల కాంపౌండ్ గోడకే పెట్టాం. అందులో స్కూటర్ దూరంగా కనిపించినా నిజానికి దగ్గరే ఉంటుంది, ఇంట్లో నడపడం నేర్చుకుంటున్న పిల్లలకు ఈ మాట ముందే చెప్పండి.

ఒకేసారి అన్నీ కొనక్కర్లేదు. ముందు స్టాపర్లు, తర్వాత బంతి, ఆ తర్వాత మీ కారు నిజంగా ఎక్కడ గీసుకుంటోందో చూసి అక్కడ రబ్బరు మూల. మాకు వీటన్నిటికీ కలిపి అయిన ఖర్చు ఒక బంపర్‌కు పెయింటింగ్ చేయించే ఖర్చు కూడా కాలేదు.

ఇవేవీ తీర్చలేనిది ఒకటే: కారు పొడవు. 4 మీటర్ల లోపు చిన్న కార్లకు పన్ను తక్కువ కావడంతో మన దగ్గర చాలా కార్లు ఆ కొలతలోనే వస్తాయి, పాత పోర్టికోల్లో సర్దుకుపోతాయి. పెద్ద కారుకు మారాలనుకుంటే అదే చిక్కు. 2024 క్రెటా పొడవు 4,330 మిల్లీమీటర్లు. మా 14 అడుగుల్లో దాన్ని పెడితే గేటు పడదు. బుకింగ్ డబ్బు కట్టకముందే టెస్ట్ డ్రైవ్ కారును ఇంటికి తెప్పించి, మీ పార్కింగ్‌లోనే పెట్టించి, గేటు వేసి, డ్రైవరు వైపు తలుపు తీసి దిగి చూడండి.