యుద్ధం ఆగిన దేశంలో ఫస్ట్ ఎలక్షన్: వెంటనే పెడితే మేలా, ఆగి పెడితే మేలా?

ద్వారకానగర్‌లో కోచింగ్‌కి వచ్చే పిల్లలకి సాయంత్రం పూట పాలిటీ చెప్తుంటాను, గవర్నమెంట్ కాలేజీలో లెక్చరర్‌గా రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక. ఎప్పుడో ఒకసారి ఎస్సే టాపిక్ కింద ఇది ఇచ్చాను, ఇక అక్కణ్ణుంచి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవడో ఒకడు క్లాస్ అయ్యాక మెట్ల దగ్గర పట్టుకుంటాడు, సార్ ఇంతకీ ముందు ఎలక్షనా, ముందు తుపాకులు దించడమా, ఏది రాస్తే మార్కులొస్తాయి అని. మార్కుల సంగతి నాకు తెలీదు. అదీకాక ఈమధ్య మా కింద పోర్షన్‌లోకి ఆంధ్రా యూనివర్సిటీలో చదివే సౌత్ సూడాన్ కుర్రాడు ఒకడు అద్దెకి దిగాడు, వాడికి ఇది ఎస్సే టాపిక్ కాదు, ఇంటి గొడవ. అందుకని ఒకసారి కూర్చుని రాసేస్తే మళ్లీ మళ్లీ చెప్పక్కర్లేదు కదా అనిపించింది.

వెంటనే పెట్టాలి అనేవాళ్ల పాయింట్ తీసిపారేసేది కాదు. యుద్ధం ఆగింది, సరే, మరి రేపు పొద్దున్న జీతాలు ఎవరివ్వాలి, పోలీసు ఎవరి మాట వినాలి, ఎవరో ఒకరు కుర్చీలో ఉండాలిగా, ఎన్నుకోకపోతే ఆ కూర్చున్నవాణ్ణి బయటి దేశం వాడు కూర్చోబెట్టినట్టే. ఇరాక్‌లో జరిగింది అదే. 2003లో బాగ్దాద్ పడిపోయాక అమెరికా వాళ్లు తమ అధికారి బ్రెమర్‌ని పంపించి ఏలుతుంటే, ఎలక్షన్ పెట్టండి పెట్టండి అని గట్టిగా పట్టుబట్టింది ఎవరో కాదు, నజఫ్‌లో ఉండే షియా మతపెద్ద సిస్తానీ. జనం ఎన్నుకోనివాళ్లు రాజ్యాంగం రాయడానికి వీల్లేదన్నాడు, జనం వేలల్లో రోడ్డెక్కారు. చివరికి 2005 జనవరి 30న పెట్టారు, బాంబులు పేలుతున్నా సుమారు 58 శాతం మంది వచ్చి ఓటేశారు. ఊదారంగు సిరా అంటిన వేలు పైకెత్తి నవ్వుతున్న ఆడవాళ్ల ఫోటోలు అప్పుడు మన పేపర్లలో కూడా వేశారు, మీకు గుర్తుండే ఉంటుంది.

కానీ అదే రోజు అన్బార్ ప్రావిన్స్‌లో ఓటేసింది 2 శాతం. సున్నీలు బాయ్‌కాట్ చేశారు, కొంత కోపం, కొంత భయం. పైగా దేశం మొత్తాన్ని ఒకే నియోజకవర్గం కింద పెట్టారు కాబట్టి ఎక్కడ ఓట్లు పడకపోతే అక్కడి జనానికి సీట్లు కూడా ఉండవు, మన దగ్గరైతే పోలింగ్ 10 శాతమైనా ఆ నియోజకవర్గానికి ఎమ్మెల్యే అంటూ ఒకడుంటాడు కదా, అక్కడ అదీ లేదు. 275 సీట్లలో సున్నీ అరబ్బులు ఇరవై మంది కూడా లేరు, రాజ్యాంగం రాయాల్సిన సభ అదే. ఏడాది తిరిగిందో లేదో, 2006 ఫిబ్రవరిలో షియాలకి పవిత్రమైన సమర్రా మసీదు పేల్చేశారు, తర్వాత ఊచకోతలు. ఎలక్షన్ వల్లే ఇదంతా జరిగిందని నేననను. కానీ ఎవడి జనం ఎంతో ఆ ఎలక్షన్ తలలు లెక్కపెట్టి చూపించింది, లెక్క తేలాక ఓడినవాడికి చేతిలో ఏమీ లేదు.

నా గొడవంతా ఈ ఓడినవాడి గురించే. వెంటనేనా ఆగా అని అందరూ క్యాలెండర్ చూస్తారు, నేను మాత్రం రెండో స్థానంలో వచ్చినవాడు రిజల్ట్ రోజు రాత్రి ఎక్కడికెళ్తాడు అన్నది చూడాలంటాను. ఇంటికెళ్తాడా, అసెంబ్లీకెళ్తాడా, అడవికెళ్తాడా.

దీనికి అంగోలా, మొజాంబిక్ పక్కపక్కన పెట్టుకుంటే చాలు, అంతకంటే మంచి జంట దొరకదు. రెండూ పోర్చుగల్ కింద ఉన్నవే, రెండింటికీ 1975లోనే స్వాతంత్ర్యం, రెండింట్లోనూ కొద్దికాలానికే అంతర్యుద్ధం, సుమారు పదహారేళ్లు.

అంగోలాలో 1991 మేలో ఒప్పందం, 1992 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో పోలింగ్. డేట్ ముందే ఫిక్స్, ఇక ఏం జరిగినా డేట్ డేటే అన్నట్టు నడిపించారు. ఐక్యరాజ్యసమితి నుంచి వచ్చిన ఎలక్షన్ అబ్జర్వర్లు 400 మంది, అంత పెద్ద దేశానికి! మా ఉమ్మడి విశాఖ జిల్లాలో ఒక్క ఎలక్షన్‌కి తిరిగే సెక్టార్ జీపులు కూడా అంతకంటే ఎక్కువుంటాయేమో. రెండు సైన్యాల్నీ కలిపి ఒకటి చెయ్యాలి, ఆ పని ఎలక్షన్ నాటికి కాగితం మీద మాత్రమే అయింది, యూనిటా అనే తిరుగుబాటు గుంపు నాయకుడు సవింబీ దగ్గర మనుషులు, తుపాకులు చాలావరకు అలాగే ఉన్నాయి. ప్రెసిడెంట్ పోటీలో అప్పటికే కుర్చీలో ఉన్న దోస్ సాంతోస్‌కి 49.6 శాతం, సవింబీకి 40 శాతం. యాభై దాటలేదు కాబట్టి రూల్ ప్రకారం రెండో రౌండ్ ఉండాలి. సవింబీ రిగ్గింగ్ అన్నాడు, రెండో రౌండ్ జరగనే లేదు, నవంబర్ వచ్చేసరికి రాజధాని లువాండా వీధుల్లో కాల్పులు, మధ్యలో ఇంకో ఒప్పందం కుదిరినా నిలబడలేదు, 2002 ఫిబ్రవరిలో సవింబీ చనిపోయేదాకా ఆ యుద్ధం తెగలేదు. అంటే ఎలక్షన్ అయ్యాక ఇంకో పదేళ్లు. సవింబీ మంచోడని కాదు నేను చెప్పేది, వాడి వైపు నుంచి ఒకసారి చూడండి: గెలిస్తే దేశం, చమురు అన్నీ, ఓడితే ఏమీ లేదు, బయట మాత్రం ఇంకా సైన్యం ఉంది. అలాంటోడు ఓటమి ఒప్పుకుంటే వింత గానీ, ఒప్పుకోకపోతే వింతేముంది.

మొజాంబిక్ ఒప్పందం రోమ్‌లో 1992 అక్టోబర్ 4న కుదిరింది, అంటే అంగోలా పోలింగ్ అయిన నాలుగైదు రోజులకే, ఆ తర్వాత అంగోలా మంటలు అందరి కళ్లముందే లేచాయి. ఏడాదిలో ఎలక్షన్ పెట్టాలని రాసుకున్నారు, కానీ సమితి తరఫున వచ్చిన అజెల్లో అనే ఇటలీ ఆయన తుపాకులు దిగకుండా పెట్టేది లేదని సాగదీశాడు, 1994 అక్టోబర్ దాకా. ఆ రెండేళ్లలో ఏం చేశారో చూడండి. రెండు వైపుల సైనికుల్నీ క్యాంపుల్లో పెట్టి, ఆయుధాలు తీసుకుని, ఇంటికి పంపినవాళ్లకి రెండేళ్ల పాటు జీతం లాంటిది ఇచ్చారు. ఇంకోటి, నాకు అన్నిటికంటే నచ్చింది, రెనామో అనే తిరుగుబాటు గుంపు పార్టీగా మారడానికి ఒక ఫండ్ పెట్టారు, ఇటలీ వాళ్లు ఎక్కువ వేశారు. ఆఫీసు, కార్లు, బట్టలు కూడా! అడవిలోంచి వచ్చిన కమాండర్లకి సూటు కుట్టించారన్నమాట. లంచం కదా సార్ అన్నాడు మా స్టూడెంట్ ఒకడు. లంచమే, బుల్లెట్ కంటే చవక.

అయినా చివరి నిమిషంలో రెనామో నాయకుడు ధ్లాకామా బాయ్‌కాట్ అన్నాడు, చుట్టుపక్కల దేశాలు గడ్డం పట్టుకున్నాయి, మళ్లీ వచ్చాడు. 88 శాతం దాకా ఓటేశారు. కుర్చీలో ఉన్న ప్రెసిడెంట్ చిసానోకి 53 శాతం, ధ్లాకామాకి 33 శాతం చిల్లర. కానీ పార్లమెంట్‌లో 250 సీట్లకి రెనామోకి 112 వచ్చాయి, ఎందుకంటే సీట్లు ఓట్ల శాతాన్ని బట్టి పంచారు. ఓడినోడు ఓడినా, వాడి మనుషులు నూట పన్నెండు మందికి జీతం, క్వార్టర్, మైకు దొరికాయి. ఇరవై ఏళ్ల దాకా పెద్ద యుద్ధం రాలేదు. 2012 చివర్లో ధ్లాకామా మళ్లీ అడవి బాట పట్టాడు, అదీ నిజమే, దాచను. కాకపోతే అప్పటికి రెనామోకి దక్కే వాటాలు తగ్గిపోయాయి, అదే మళ్లీ నా పాయింట్‌కే వస్తుంది.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి. 2009లో నాకు పాడేరు వైపు ఒక ఊళ్లో పోలింగ్ బూత్ ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడింది. జీపు దిగి గంటన్నర నడక, దారిలో ఎలక్షన్లు బహిష్కరించండి అని ఎర్ర సిరాతో రాసిన పోస్టర్, మా అసిస్టెంట్ దాన్ని చూసి మళ్లీ మాట్లాడితే ఒట్టు. పొద్దున్నే మాక్ పోల్ చేసి, చెరిపేసి, ఆకుపచ్చ పేపర్ సీల్ మీద ఏజెంట్ల చేత సంతకాలు పెట్టించాను. ఇద్దరే ఏజెంట్లు, ఎదురెదురు పార్టీలు, మధ్యాహ్నం ఒకే పొట్లంలో పులిహోర తిన్నారు. సాయంత్రం మిషన్ క్లోజ్ చేసి 17సి ఫారం కాపీ ఇస్తే, ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది కదా, అందులో ఒకతను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని పైనుంచి పిన్నీసు పెట్టుకున్నాడు. మీ వోడు గెలుస్తాడంటావా అన్నాను ఊరికే. "గెలడు సార్, ఈ పాలి ఆళ్లదే. ఏటవుద్ది, అయిదేళ్లకి మళ్లీ వత్తాది కదా" అన్నాడు. ఓడిపోతానని తెలిసినవాడు ఆ కాగితానికి పిన్నీసు పెట్టుకోవడం నేను మర్చిపోలేను. మళ్లీ వస్తుందన్న నమ్మకం అతనికి ఉంది. సవింబీకి అది లేదు. ఆ నమ్మకం ఒక్క ఎలక్షన్‌తో వచ్చేది కాదు, మనకీ 1952 నుంచి వరసగా జరగబట్టి వచ్చింది.

కొందరికి భయం వల్ల కూడా ఓట్లు పడతాయి, అది మరీ దారుణం. లైబీరియాలో 1997లో తిరుగుబాటు నాయకుడు చార్లెస్ టేలర్‌కి 75 శాతం వచ్చింది. మా అమ్మని చంపాడు, మా నాన్నని చంపాడు, అయినా వీడికే ఓటేస్తా అని కుర్రాళ్లు వీధుల్లో పాడుకుంటూ తిరిగారట, ఎందుకంటే ఓడిస్తే మళ్లీ యుద్ధం మొదలెడతాడు. ఓడించడానికి జనం భయపడేవాడు పోటీలో ఉంటే దాన్ని ఎలక్షన్ అనాలా? రెండేళ్లకే మళ్లీ యుద్ధం వచ్చింది, 2003లో టేలర్ దేశం విడిచి వెళ్లాకే ఆగింది. ఈసారి 15,000 మంది సమితి సైనికులు దిగి, లక్ష మందికి పైగా ఆయుధాలు వదిలేసే స్కీమ్‌లో చేరాక 2005లో ఎలక్షన్ పెట్టారు. ఫుట్‌బాల్ స్టార్ జార్జ్ వియా రెండో రౌండ్‌లో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ చేతిలో ఓడిపోయాడు, మోసం అని గోల చేశాడు, కానీ తుపాకీ పట్టలేదు. 2017లో గెలిచాడు. 2023లో ఒక్క శాతం చిల్లర తేడాతో ఓడి, లెక్కింపు పూర్తిగా అవ్వకముందే గెలిచినవాడికి ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. అదే దేశం!

ఓడినోడి వాటా అంటే అందంగా చేసింది సౌతాఫ్రికా, 1994. తాత్కాలిక రాజ్యాంగంలోనే రాసేసుకున్నారు, 5 శాతం ఓట్లు దాటిన ప్రతి పార్టీకీ క్యాబినెట్‌లో సీటు, ఐదేళ్ల లెక్క. నటాల్ ప్రాంతంలో బలమున్న ఇంకాథా పార్టీ వాళ్లు పోలింగ్‌కి వారం ముందు దాకా రామన్నారు, వచ్చేసరికి బ్యాలెట్లు అచ్చయిపోయాయి, అప్పుడేం చేశారంటే ప్రతి బ్యాలెట్ కింద వాళ్ల పేరు స్టిక్కర్ అతికించారు. కోట్ల స్టిక్కర్లు. ఎలక్షన్ డ్యూటీ చేసిన ఎవరికైనా ఆ మాట వింటేనే చెమటలు పడతాయి, కానీ ఆ స్టిక్కర్ల వల్ల నటాల్‌లో ఎన్ని ప్రాణాలు మిగిలాయో.

నేపాల్ గురించి మన వైపు వాళ్లు ఎక్కువ అడుగుతారు, కారణం చెప్పక్కర్లేదు. మావోయిస్టులు తుపాకులు కంటైనర్లలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి వాళ్ల దగ్గరే, సమితి వాళ్లు కాపలా. ఎలక్షన్ రెండుసార్లు వాయిదా పడి 2008 ఏప్రిల్‌లో జరిగింది, మావోయిస్టులే పెద్ద పార్టీ. అసలు పరీక్ష 2013లో, మూడో స్థానానికి పడిపోయారు, వాళ్ల నాయకుడు ప్రచండ కాఠ్మండులో ఓడిపోయాడు. మోసం అన్నారు, అలిగారు, తర్వాత సభకి వచ్చి కూర్చున్నారు.

మిగతా ఆప్షన్లు రెండు ముక్కల్లో. ముందు పంచాయతీ, మునిసిపాలిటీ ఎలక్షన్లు పెట్టి తర్వాత దేశానికి పెట్టడం, కొసోవోలో 2000, 2001ల్లో అలా చేశారు, ఆలోచన బావుంది, చిన్న చోట పనికొస్తుంది. సమితే కొన్నాళ్లు ఏలడం ఈస్ట్ తైమూర్‌కి సరిపోయింది, పది లక్షల లోపు జనం కాబట్టి. కాంబోడియాలో 1993లో సమితి దగ్గరుండి బ్రహ్మాండంగా పెట్టింది, ఓడిన హున్ సేన్ కుర్చీ దిగకపోతే ఇద్దరు ప్రధానమంత్రులని పెట్టారు, 1997లో హున్ సేన్ ఇంకోడిని తరిమేశాడు. వాటా ఇచ్చారు గానీ తుపాకులు వాడి దగ్గరే వదిలేశారు.

కాబట్టి నా ఓటు ఆగి పెట్టడానికే, రెండేళ్లు అటూఇటూ, ఆ రెండేళ్లలో తుపాకులు దించి, ఓడేవాడికి వాటా రాసి. కానీ ఆగడం అనేది కుర్చీలో ఉన్నవాడి చేతిలో పడితే ఏమవుద్దో మా కింద పోర్షన్ కుర్రాణ్ణి అడగాలి. సౌత్ సూడాన్‌కి 2011 జులై 9న స్వాతంత్ర్యం వచ్చింది, అంతకుముందు రెఫరెండంలో 98.8 శాతం విడిపోదామన్నారు, వాళ్ల నాన్న వేలిముద్ర వేయడానికి గంటల తరబడి ఎండలో నించున్నాడట, వీడు అప్పుడు బడి పిల్లాడు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఒక్క ఎలక్షన్ లేదు. 2015 అన్నారు, యుద్ధం వచ్చింది, 2018 అన్నారు, 2023 అన్నారు, 2024 డిసెంబర్ అన్నారు, ఇప్పుడు 2026 డిసెంబర్. ప్రెసిడెంట్ కీర్‌కి ఎదురు నిలబడాల్సిన మచార్‌ని 2025 మార్చిలోనే ఇంట్లో బంధించి తర్వాత కేసు పెట్టారు. నా కొలత ప్రకారం చూస్తే అక్కడ రెండో స్థానంలో వచ్చేవాడు రిజల్ట్ రాకముందే లోపలున్నాడు, అలాంటప్పుడు వెంటనే పెట్టినా ఆగి పెట్టినా ఒకటే అని చెప్పాను వాడితో, మొన్న ఆదివారం, మేడ మీద బట్టలు ఆరేస్తుంటే.

వాడు క్లిప్పులు పెడుతూ అంతా విన్నాడు. విని, "అంకుల్, డిసెంబర్‌కి జూబాకి టికెట్ ఇప్పుడు తీసుకుంటే చవగ్గా వస్తోంది, బుక్ చెయ్యనా" అన్నాడు.

రిఫండ్ ఉన్నదే తీసుకోమన్నాను.