జీఆర్‌ఈ వెర్బల్ కోసం పది నెలలు ఆంకీ వాడిన తరువాత

విదేశాలలో పీజీ ప్రవేశాలకు రాసే జీఆర్‌ఈ పరీక్షలో, ఇంగ్లిషు పదాలను, వాక్యాలను అర్థం చేసుకోవడాన్ని పరీక్షించే వెర్బల్ రీజనింగ్ భాగం కోసం పది నెలలపాటు ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల సాఫ్ట్‌వేర్‌ను వాడాను. కంప్యూటర్‌లోను, ఆండ్రాయిడ్ ఫోన్‌లోను ఇది ఉచితం. ఐఫోన్‌కు మాత్రం కొనుక్కోవాలి. అర్థం గుర్తుకు వచ్చిందో లేదో మనమే నిజాయితీగా నొక్కితే, మరచిన పదాన్ని కొద్ది నిమిషాలలోనే, బాగా వచ్చినదాన్ని కొన్ని వారాల తరువాత మళ్లీ మన ముందు పెడుతుంది.

మొదటి మూడు నెలలు ఎవరో తయారుచేసి పంచిన వెయ్యి పదాల కట్టను రోజుకు 20 చొప్పున చదివాను. లకోనిక్, ఆబ్డ్యురేట్ వంటివాటికి తడుముకోకుండా అర్థం చెప్పగలిగాను గాని, ఆ పరీక్ష నిర్వహించే సంస్థ ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా పరీక్షలో నాకు వచ్చింది 148 మాత్రమే (స్కోరు 130 నుంచి 170 వరకు ఉంటుంది). తప్పులను ఒక్కొక్కటిగా చూసుకుంటే, నన్ను ఎక్కువగా దెబ్బతీసినవి కొత్త పదాలు కావు, మనం తెలుగులో రోజూ వాడుకునే ఇంగ్లిషు మాటలే. లోను శాంక్షన్ అయిందని సంబరపడే మనకు, ఆ మాటకే ఆంక్ష అనే అర్థం కూడా ఉన్నదని తోచదు. టెంపర్ మనకు కోపమో పొగరో. అక్కడ క్రియగా వస్తే తీవ్రతను తగ్గించడం. పరీక్షలో క్వాలిఫై అయ్యామంటాం గాని, ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అంటే షరతులతో కూడిన మద్దతు. డిస్‌ఇంటరెస్టెడ్ అంటే ఆసక్తి లేనివాడు కాదు, స్వప్రయోజనం చూసుకోనివాడు. వీటిలో ఒక్కటీ ఆ కట్టలో లేదు. దాన్ని కట్టినవారు తెలుగువారై ఉండరు లెండి.

అప్పటినుంచి కార్డులు నేనే రాసుకున్నాను. ముందువైపు ఖాళీతో పూర్తి వాక్యం, వెనుకవైపు జవాబు, దానికి దారిచూపిన మాట. ఈ పరీక్షలో వ్యాకరణాన్ని నేరుగా అడగరు గాని, ‘ఎనీథింగ్ బట్’ అంటే ఎంతమాత్రం కాదని, ‘నథింగ్ బట్’ అంటే అది తప్ప మరొకటి కాదని, ‘ఆల్ బట్’ అంటే దాదాపు అని తెలియకపోతే వాక్యమే తలకిందులవుతుంది. తెలుగులో ‘నిన్న వచ్చిన మనిషి’ అని విశేషణం ముందు వస్తుంది. ఇంగ్లిషులో ఆ వివరణంతా నామవాచకం వెనుక సాగి, అసలు క్రియ ఎక్కడో తేలుతుంది. ముందుగా ఆ క్రియను పట్టుకోవడం నాకు అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చిన అలవాటు.

అక్క పెళ్లికి పన్నెండు రోజులు మానేస్తే దాదాపు 700 కార్డులు పేరుకున్నాయి. అవి తీరేదాకా కొత్త పదాలను పూర్తిగా ఆపడమే సరైన మార్గం.

ఆంకీలో ఎంతసేపు ఆలోచించినా అడిగేవారు లేరు. 2023 సెప్టెంబరులో కుదించిన పరీక్షలో మాత్రం వెర్బల్‌లోని 27 ప్రశ్నలకు 41 నిమిషాలే, రెండుమూడు ఖాళీలున్న ప్రశ్నలో ఒక్కటి తప్పినా మార్కు రాదు. అందుకే చివరి నెలలో కార్డులు తగ్గించి, గడియారం పెట్టుకుని ప్రశ్నలు చేశాను. అసలు పరీక్షలో 157 వచ్చింది. పోయిన మార్కులలో అధికభాగం, ఇచ్చిన పేరా చదివి జవాబులు రాసే రీడింగ్ కాంప్రహెన్షన్‌వే. వెర్బల్‌లో దాదాపు సగం ఉండే ఆ భాగానికి కార్డులు నాకు పెద్దగా అక్కరకు రాలేదు.