గజ్జల దురదకి మూడు మందుల క్రీము: 14 నెలలు వాడాక, మానేసి ఏడాదిన్నర గడిచాక

ఇది ఒక బ్రాండు మీద రాస్తున్న సమీక్ష కాదు. క్లోబెటసాల్ అనే స్టెరాయిడు, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, మూడూ ఒకే ట్యూబులో కలిపి వచ్చే క్రీములు రకరకాల పేర్లతో దొరుకుతాయి. వాటిలో ఒకటి నేను 14 నెలలు గజ్జల్లో రాసుకున్నాను. మానేసి ఏడాదిన్నర దాటింది. ఆ చోటు గురించి నోరు విప్పడానికి సిగ్గుపడే ఇంతదాకా తెచ్చుకున్నాను కాబట్టి ఇక్కడ ఏదీ దాచకుండా రాస్తున్నాను.

నాది రోజంతా తిరిగే ఉద్యోగం. చెమటకి తొడలు ఒరుసుకుని గజ్జల్లో ఎర్రబడింది, నాలుగు రోజుల్లో దురద మొదలైంది. పగలు పనిలో పడి ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. రాత్రి పక్క మీద వాలితే మాత్రం ఆగేది కాదు. ఒక స్నేహితుడు తన దగ్గరున్న ట్యూబు ఇచ్చి, "ఇది రాయరా, పొద్దున్నకల్లా తగ్గకపోతే అడుగు" అన్నాడు. నిజంగానే తగ్గింది. పది రోజుల తర్వాత ఆ రాత్రే కంటినిండా నిద్రపోయాను. నాలుగో రోజుకి ఎరుపు కూడా పోయింది. ఆ వారంలో రాసి ఉంటే ఈ క్రీముకి అయిదుకి అయిదు మార్కులు వేసేవాణ్ణి.

మానేసిన వారానికే దురద మళ్ళీ వచ్చింది. మళ్ళీ రాశాను, మళ్ళీ పోయింది. మొదట్లో పది రోజులకోసారి, తర్వాత వారానికోసారి, ఆరు నెలలు తిరిగేసరికి రోజూ రాయాల్సి వచ్చింది. రోజూ రాసినా మొదటి రాత్రి వచ్చిన హాయి మళ్ళీ రాలేదు. ట్యూబు అయిపోతుంటే కింద నుంచి చుట్టుకుంటూ వచ్చి, చివరి బొట్టు దాకా పిండేవాణ్ణి. ఊరెళ్తే సంచిలో ముందు అదే పెట్టుకునేవాణ్ణి. అది లేకపోతే టెన్షన్. మందు పనిచేయడం లేదని ఒక్కసారి కూడా అనిపించలేదు, నా జబ్బే మొండిదనుకున్నాను.

ఈలోగా మచ్చ తొడ మీదకి, వెనక్కి పాకింది. మామూలు తామరకి గుండ్రటి అంచు, లోపల తేటబడ్డ చర్మం ఉంటాయి కదా, నాకు ఆ అంచు చెరిగిపోయి అక్కడక్కడా ఎర్రటి పొక్కులు మాత్రమే మిగిలాయి. ఒకరోజు నా భార్య, "ఏమండీ, నాకూ నడుము దగ్గర అలాంటి మచ్చే వచ్చింది" అంది. నేనేం చేశానో తెలుసా? అదే ట్యూబు తన చేతికిచ్చాను. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదొక్కటే.

పన్నెండో నెల నుంచి దురదని మించి మంట మొదలైంది. గోరువెచ్చటి నీళ్ళు పడినా కారం రాసినట్టు ఉండేది. తొడ లోపలి వైపు ఊదారంగు చారలు కనిపించాయి. గోళ్ళతో గీరుకున్న గీతలనుకున్నాను. ఒకరోజు అద్దం కింద పెట్టుకుని వెలుతురులో సరిగ్గా చూశాను. చర్మం ఉల్లిపొరలా పలచబడి మెరుస్తోంది, దాని కింద సన్నటి ఎర్ర నరాలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. చారల మీద వేలు పెడితే కొద్దిగా లోపలికి దిగింది. అప్పుడు భయం వేసింది. మర్నాడే చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నారు?" అని. ఏం రాస్తున్నారని కాదు. చూడగానే తెలిసిపోయిందట. మచ్చ అంచున పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెట్టారు. నన్ను కూడా చూడమన్నారు. చర్మకణాల మధ్య నుంచి కొమ్మలు వేసుకుంటూ పోతున్న సన్నటి దారాలు కనిపించాయి. అదే ఫంగస్. 14 నెలలు నేను చంపుతున్నాననుకున్నది అక్కడ హాయిగా పెరుగుతోంది. స్టెరాయిడు వల్ల రూపు మారి గుర్తుపట్టకుండా తయారైన తామరని టీనియా ఇన్‌కాగ్నిటో అంటారని చెప్పారు.

మరి ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అని అడిగాను. చాలామందికి వచ్చే సందేహమే, అందుకే ఆవిడ జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను. ఎరుపు, దురద, వాపు అనేవి ఫంగస్ మీద మన ఒళ్ళు చేసే పోరాటానికి గుర్తులు. స్టెరాయిడు ఆ పోరాటాన్నే ఆపేస్తుంది. అందుకే ఒక్క రాత్రిలో సుఖంగా ఉంటుంది. ఫంగస్ చావాలంటే మందు వారాల తరబడి, మచ్చ కనిపించకుండా పోయాక కూడా కొన్నాళ్ళు రాయాలి. నాలుగు రోజుల్లో తగ్గిపోయిందని మనం ఆపేస్తాం. ఆపగానే చావని ఫంగస్, నీరసించిన చర్మం మీద ఇంకా దూరం పాకుతుంది. యాంటీబయాటిక్ బాక్టీరియా కోసం, తామర మీద దానికి పనే లేదు.

రెండో సంగతి, చోటు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు ఒంటి మీద వేర్వేరు చోట్ల హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడు రాసి ఎంత లోపలికి పోతుందో కొలిచారు. ముంజేతి మీద ఒక వంతు పోతే, అరిచేతిలో అంతకంటే తక్కువ, అరికాలి వంపులో దాదాపు ఏడో వంతు మాత్రమే పోయింది. చంకలో మూడున్నర వంతులకి పైగా, నుదుటి మీద 6, దవడ దగ్గర 13 వంతులు. వృషణాల సంచి మీద 42 వంతులు, అంటే ముంజేతికి 42 రెట్లు. ఆ లెక్క విన్నాక నేను రోజూ ఎంత మందు ఎక్కించుకున్నానో అర్థమై కాసేపు మాట రాలేదు. పైగా గజ్జల్లో చర్మం మీద చర్మం మూసుకుని ఉంటుంది, చెమట ఉంటుంది, రాసిన మందుకి మూత పెట్టినట్టే.

పూతమందుల స్టెరాయిడ్లని బలాన్ని బట్టి ఏడు తరగతులుగా లెక్కిస్తారు. 0.05 శాతం క్లోబెటసాల్ అన్నిటికన్నా పైన, 1 శాతం హైడ్రోకార్టిసోన్ అన్నిటికన్నా కింద. శాతం చిన్నదిగా ఉందని క్లోబెటసాల్ తేలికపాటిదనుకున్నాను, అది పూర్తిగా తప్పు. ఇంటికొచ్చి ట్యూబుతో వచ్చిన కాగితం మడతలు విప్పి మొదటిసారి చదివాను. మొహం మీద, గజ్జల్లో, చంకల్లో వాడకూడదని ఉంది. వరసగా రెండు వారాలు మించకూడదని ఉంది. చీమంత అక్షరాలైనా, రాసే ఉంది.

ఇక మానడం గురించి. నాకు స్టెరాయిడు పూర్తిగా ఆపేసి, నోటి ద్వారా ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు, పైన ఒకే ఒక్క ఫంగస్ మందు ఉన్న క్రీము ఇచ్చారు. అందరికీ ఇలాగే ఒక్కసారి ఆపరు. ఫంగస్ లేకుండా ఉత్త చర్మం వాపుకే ఏళ్ళ తరబడి రాసినవాళ్ళకి బలం తగ్గించుకుంటూ వస్తారట, అది డాక్టరు చూసి నిర్ణయించాల్సింది. నాకు మూడో రోజున అసలు నరకం మొదలైంది. ఎరుపు రెట్టింపైంది, చర్మం వేడెక్కి ఉబ్బింది, కుర్చీలో కూర్చోలేను, నడవలేను. రాత్రి రెండింటికి లేచి బాత్రూమ్‌లో నిలబడి చన్నీళ్ళలో తడిపిన గుడ్డ పెట్టుకునేవాణ్ణి. అల్మరాలో సగం ట్యూబు ఇంకా ఉంది. రెండుసార్లు మూత దాకా చెయ్యి వెళ్ళింది. మూడో రాత్రి మా ఆవిడ దాన్ని కత్తిరించి చెత్తలో పారేసింది. ఇలా ఉంటుందని డాక్టరు ముందే చెప్పబట్టి తట్టుకున్నాను. చెప్పకపోతే జబ్బు ముదిరిందనుకుని మళ్ళీ రాసేసేవాణ్ణే. 12 రోజులకి మంట తగ్గుముఖం పట్టింది, నెల దాటాక నిద్ర కుదిరింది.

ఆ నెలలో వాడిన మిగతా వస్తువుల గురించి కూడా చెప్తాను. అన్నిటికంటే మేలు చేసింది వాసన లేని పెట్రోలియం జెల్లీ. స్నానమయ్యాక మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక, పలచగా ఒక పొర. తడి మీద రాస్తే తడిని లోపలే పట్టి ఉంచుతుంది, అలా చెయ్యొద్దు. లోదుస్తులకి మరక అంటుతుంది, ఆ ఒక్క ఇబ్బందీ ఓర్చుకోవచ్చు. జింక్ ఆక్సైడ్ క్రీము ఒరుపుకి బాగానే అడ్డుపడింది గానీ కడగడానికి రుద్దాల్సి వచ్చేది, ఆ చర్మాన్ని రుద్దడం నావల్ల కాలేదు. పౌడరు చెమటకి ఉండలు కట్టి ఇంకా గీరుకుపోయింది, వారంలో మానేశాను.

మానేసినవి ఎక్కువ పనిచేశాయి. శుభ్రంగా ఉంచుకోవాలని రోజుకి రెండుసార్లు యాంటీసెప్టిక్ ద్రవం కలిపిన నీళ్ళతో కడిగేవాణ్ణి. బయటికెళ్తే సువాసన ఉన్న తడి టిష్యూలతో తుడుచుకునేవాణ్ణి. రెండూ మంటకి ఆజ్యం పోశాయని డాక్టరు అన్నారు. చాలా తడి టిష్యూల్లో మిథైల్ ఐసోథియాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ ఉండేది, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్నే ఆ ఏటి ముఖ్యమైన ఎలర్జీ కారకంగా ప్రకటించింది. ఇప్పుడు ఆ చోట ఉత్త నీళ్ళే. సబ్బు మిగతా ఒంటికి.

నా భార్యకి కూడా పరీక్ష చేసి ఇద్దరికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టారు. తువ్వాళ్ళు వేరు, లోదుస్తులు వేడినీళ్ళలో ఉతకడం, బాగా ఆరాకే తొడుక్కోవడం. తనకి రెండు నెలల్లో పూర్తిగా పోయింది. నాకు మూడున్నర నెలలు పట్టింది.

ఫంగస్ లేదని పరీక్షలో తేలాక కూడా కొంత ఎరుపు, మంట మిగిలాయి. దానికి 0.03 శాతం టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు. ఇది స్టెరాయిడు కాదు, చర్మాన్ని పలచన చెయ్యదు. కానీ మొదటి అయిదారు రోజులు బాగా చురుక్కుమంటుంది, పడలేదని చాలామంది అక్కడే ఆపేస్తారు. నేను రాసేముందు జెల్లీ డబ్బాని, ఆయింట్‌మెంట్‌ని కాసేపు ఫ్రిజ్‌లో ఉంచేవాణ్ణి, కాస్త నయంగా ఉండేది. వారం దాటాక చురుకు పోయింది. 2006 నుంచి అమెరికాలో దీని మీద కాన్సర్ గురించిన హెచ్చరిక ముద్రిస్తున్నారు. అది చదివి కంగారుపడి అడిగితే, పలచగా, కొద్ది వారాలు, ఆవిడ చూస్తుండగా మాత్రమే వాడదామన్నారు. ఆరు వారాల్లో ఆపేశాం.

స్టెరాయిడు అంటేనే విషమని నేను చెప్పడం లేదు. 1952లో సల్జ్‌బర్గర్, విటెన్ అనే వైద్యులు హైడ్రోకార్టిసోన్ పూతతో ఎగ్జిమా తగ్గుతుందని చూపించాక ఎంతోమంది చర్మ రోగుల బతుకు మారింది. జననాంగాల దగ్గర వచ్చే లైకెన్ స్క్లిరోసస్ అనే జబ్బుకి ఇదే క్లోబెటసాల్ మొదటి మందు. అక్కడ భయంతో రాయకపోతేనే ప్రమాదం. ఆ జబ్బుకి ఎంత రాయాలో, ఎప్పుడు తగ్గించాలో డాక్టరు చెప్తారు, మధ్యలో చూస్తారు. మా ఇద్దరికీ ఆ చూసే మనిషే లేకపోయారు. ఎంత రాయాలో కూడా అప్పుడు నాకు తెలియదు. చూపుడు వేలి చివరి కణుపు పొడవునా పిండితే దాదాపు అర గ్రాము, అది వేళ్ళతో సహా పెద్దవాళ్ళ రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. నేను ఒక్కో వైపుకే అంత పూసేవాణ్ణి.

ఇప్పటి పరిస్థితి ఇది. దురద లేదు. చర్మం మందం చాలావరకు తిరిగొచ్చింది, ఎర్ర నరాలు పలచబడ్డాయి. చారలు మాత్రం పోలేదు, పోవని ముందే చెప్పారు. ఊదారంగు పోయి తెల్లబడ్డాయి. వెలుతురు పక్క నుంచి పడితే ఇప్పటికీ కనిపిస్తాయి.

పోయిన నెల ఒక రాత్రి మళ్ళీ దురద వచ్చింది. గుండె ఝల్లుమంది. ఏమీ రాయకుండా పొద్దున్నే వెళ్ళి పొట్టు గీకించుకున్నాను. పలక మీద దారాలు లేవు. ఇంట్లో ఈమధ్య ఏం మార్చారని ఆవిడ అడిగితే కొత్తగా తెచ్చిన బట్టల సబ్బు గుర్తొచ్చింది. పాతది తెప్పించి లోదుస్తులన్నీ మళ్ళీ ఉతికి, రెండుసార్లు జాడించి ఆరేశాం. అయిదో రోజుకి దానంతటదే పోయింది.