ప్రెస్ పార్టుల ఖర్చు తగ్గాలంటే: లేజరా, స్టేజ్ డైలా, ప్రోగ్రెసివ్ డైనా?

2 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ రేకుతో చేసే బ్రాకెట్ ఒకటి తీసుకుందాం. బయటి ఆకారం కత్తిరించాలి, నాలుగు రంధ్రాలు కొట్టాలి, ఒకచోట 90 డిగ్రీలు వంచాలి. దీనికి మూడు దారులున్నాయి. లేజర్‌తో కోసి, రేకుని వంచే యంత్రమైన ప్రెస్ బ్రేక్ మీద వంచడం మొదటిది. బయటి ఆకారం కత్తిరించే బ్లాంకింగ్‌కి ఒకటి, రంధ్రాలు కొట్టే పియర్సింగ్‌కి ఒకటి, వంచే బెండింగ్‌కి ఒకటి చొప్పున స్టేజ్ డైలు (ప్రెస్‌లో బిగించి రేకుని కోసే, వంచే పనిముట్లు) చేయించి, ముక్కను చేత్తో ఒక ప్రెస్ నుంచి ఇంకో ప్రెస్‌కి మార్చడం రెండోది. ఫీడర్ కాయిల్‌ని (చుట్టగా వచ్చే రేకుని) ముందుకు తోస్తుంటే ఒకే డైలో అన్ని పనులూ వరసగా జరిగి, ప్రతి స్ట్రోక్‌కీ ఒక పూర్తయిన పార్టు బయటపడే ప్రోగ్రెసివ్ డై మూడోది.

ఖర్చు మాట రాగానే అందరి చూపూ డై ధర మీదికే పోతుంది. డైలు చేసే నాలుగు టూల్ రూముల నుంచి కొటేషన్లు తెప్పించి, తక్కువ చెప్పినవాళ్లకి ఆర్డర్ ఇచ్చేస్తారు. డై ఒకసారే కొంటాం, రేకు మాత్రం ప్రతి ముక్కకీ కొంటూనే ఉంటాం. కాస్త పెద్ద సంఖ్యలో చేసే మామూలు ప్రెస్ పార్టులో ఖర్చులో సగానికి పైగా రేకుదే అవడం సర్వసాధారణం. అందుకే డై ధర కంటే ముందు రేకు లెక్క చూడాలంటాను. ఏ దారి మేలన్నది కూడా ఆ లెక్కతోనే తేలుతుంది.

ముందు సంఖ్య

రేకు ఖర్చు కాసేపు పక్కన పెట్టి, ఊహాజనితమైన అంకెలతో చూద్దాం. మూడు స్టేజ్ డైలకీ కలిపి 100 యూనిట్లు అవుతుందనుకోండి. అదే పార్టుకి ప్రోగ్రెసివ్ డై 340 యూనిట్లు. లేజర్‌కి డై అక్కర్లేదు. మెషిన్ టైమ్, కూలీ కలిపి ప్రతి 100 ముక్కలకీ లేజర్ దారిలో 2 యూనిట్లు, స్టేజ్ డైలతో 0.4, ప్రోగ్రెసివ్‌తో 0.1 పడుతుందనుకుందాం.

లేజర్‌కీ స్టేజ్ డైలకీ మధ్య తేడా వంద ముక్కలకి 1.6 యూనిట్లు. డైల మీద పెట్టిన 100 యూనిట్లు తిరిగి రావాలంటే 6,250 ముక్కలు చేయాలి. స్టేజ్ నుంచి ప్రోగ్రెసివ్‌కి వెళ్లాలంటే అదనంగా 240 యూనిట్లు పెట్టాలి, వంద ముక్కలకి మిగిలేది 0.3 మాత్రమే. అంటే 80,000 ముక్కలు దాటితే గానీ లాభం మొదలవదు. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఇప్పుడు పక్కన పెట్టిన రేకుని లోపలికి తెద్దాం. ప్రోగ్రెసివ్ డైలో పార్టులు చివరి స్టేషన్ (డైలో ఒక్కో పని జరిగే చోటు) దాకా స్ట్రిప్‌ని (రేకు పట్టీని) అంటిపెట్టుకునే ప్రయాణించాలి. వాటిని మోసుకెళ్లే క్యారియర్ పట్టీకి చోటు కావాలి, స్ట్రిప్‌ని సరైన చోట నిలిపే పైలట్ రంధ్రాలకి చోటు కావాలి. ఆ లోహమంతా చివరికి స్క్రాప్‌లోకే పోతుంది. వంద ముక్కల రేకు ఖరీదు 2 యూనిట్లనుకుని, క్యారియర్ వల్ల 3 శాతం ఎక్కువ రేకు పడుతుందనుకుంటే, మిగులు 0.3 నుంచి 0.24కి పడిపోతుంది. 80,000 దగ్గర తిరిగి రావాల్సిన పెట్టుబడి లక్ష ముక్కల దగ్గర గానీ రాదు. మూడు శాతమే కదా అని వదిలేసిన అంకె ఇరవై వేల ముక్కల తేడా తెచ్చింది.

సంఖ్య అంటే ఈ ఏడాది ఆర్డర్ ఒక్కటే కాదు, ఆ డ్రాయింగ్ మారకుండా నిలిచే కాలంలో మొత్తం ఎన్ని ముక్కలు అవుతాయో అది. కొత్త పార్టు డ్రాయింగ్ మారడం చాలా మామూలు. రంధ్రం 3 మిల్లీమీటర్లు పక్కకి జరిపారనుకోండి. లేజర్‌కయితే ఫైల్ మారిస్తే చాలు. స్టేజ్ డైల్లో పియర్సింగ్ డైకి మాత్రమే పని పడుతుంది, మిగతా రెండూ అలాగే ఉంటాయి. ప్రోగ్రెసివ్‌లో ఒక స్టేషన్‌ని కదిపితే పక్క స్టేషన్లకీ తగలొచ్చు, ఒక్కోసారి ప్లేట్లే మార్చాల్సి వస్తుంది. కాబట్టి డ్రాయింగ్ స్థిరపడక ముందే ప్రోగ్రెసివ్‌కి డబ్బు కట్టడం నాకు నచ్చదు, ఆర్డర్ ఎంత పెద్దదైనా సరే. మొదటి విడత లేజర్‌తోనో స్టేజ్ డైలతోనో నడిపి, పార్టు ఎక్కడ ఇబ్బంది పెడుతుందో చూసుకుని అప్పుడు వెళ్లడం మేలు.

స్టేజ్ డైలకీ పైకి కనిపించని ఖర్చులున్నాయి. ముక్కని ప్రతి ప్రెస్‌లోనూ మళ్లీ సరైన చోట కూర్చోబెట్టాలి, చేసిన ప్రతిసారీ కొంచెం తేడా చేరుతుంది. రెండు స్టేజీల మధ్య సగం తయారైన సరుకు బిన్నుల్లో పేరుకుంటుంది. అన్నింటికన్నా ముఖ్యం, ప్రతి స్ట్రోక్‌కీ మనిషి చెయ్యి డై దగ్గరికి వెళ్తుంది. టూ హ్యాండ్ కంట్రోల్, గార్డు లేకుండా వచ్చే ఏ పొదుపునీ పొదుపుగా లెక్కపెట్టకూడదు. రెండు చేతులూ బటన్ల మీద ఉంటేనే ప్రెస్ కదలాలి. దానివల్ల వేగం కొంత తగ్గితే ఆ తగ్గిన వేగంతోనే లెక్క వేసుకోవాలి. ప్రోగ్రెసివ్ వైపు కాయిల్‌ని విప్పే డీకాయిలర్, దాన్ని చదును చేసే స్ట్రెయిటెనర్, ఫీడర్, పొడవాటి బెడ్ ఉన్న ప్రెస్ కావాలి. ఫీడ్ తప్పితే ప్రెస్‌ని ఆపే సెన్సర్ కూడా తప్పనిసరి. ఒక్క మిస్‌ఫీడ్ ఖరీదైన పంచ్‌లని (రేకులోకి దిగి కోసే భాగాలని) విరగ్గొట్టగలదు.

ఒక వరసా, రెండు వరసలా?

నన్నడిగితే ఎక్కువ డబ్బు దాగున్నది ఇక్కడే. 30 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 16 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న వాషర్‌ని 2 మిల్లీమీటర్ల రేకులోంచి తీస్తున్నాం. ముక్కకీ ముక్కకీ మధ్య 2, అంచుల్లో 2 మిల్లీమీటర్లు వదిలామనుకుందాం.

ఒకే వరసలో తీస్తే స్ట్రిప్ వెడల్పు 34, పిచ్ (ఒక ముక్క మధ్య నుంచి పక్క ముక్క మధ్యకి దూరం) 32. ఒక్కో ముక్కకి 1,088 చదరపు మిల్లీమీటర్ల రేకు పడుతుంది. రెండు వరసలు చేసి, రెండో వరసని సగం పిచ్ పక్కకి జరిపితే గుండ్రాలు ఒకదాని సందులో ఒకటి ఒదుగుతాయి. స్ట్రిప్ వెడల్పు దాదాపు 61.7కి వస్తుంది, ముక్కకి పట్టే రేకు సుమారు 987. తొమ్మిది శాతానికి పైగా ఆదా. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకి 7.85 గ్రాములు కాబట్టి, లక్ష వాషర్లకి సుమారు 1,708 కిలోల బదులు 1,550 కిలోలతో పని జరిగిపోతుంది. 158 కిలోల ఉక్కు కొనక్కర్లేదు. మూడో వరస కూడా కలిపితే ముక్కకి 954 దగ్గరికి వస్తుంది, కానీ ఈసారి వచ్చే అదనపు ఆదా మూడున్నర శాతం లోపే. వరసలు పెంచేకొద్దీ లాభం ఇలా సన్నబడుతుంది.

ప్రెస్ మీద ఏం పడుతుందో కూడా చూడాలి. కోత బలం అంటే కోసే చుట్టుకొలత, మందం, రేకు షియర్ స్ట్రెంగ్త్ (కోతని తట్టుకునే బలం), ఈ మూడింటి గుణకారం. షియర్ స్ట్రెంగ్త్ చదరపు మిల్లీమీటరుకి 320 న్యూటన్లనుకుంటే ఈ వాషర్‌కి లోపలి కోత, బయటి కోత కలిపి తొమ్మిదిన్నర టన్నుల దాకా అవుతుంది. రెండు వరసలు ఒకే స్ట్రోక్‌లో అంటే 19 టన్నులు. దానిమీద కొంత మార్జిన్ ఉంచుకోవాలి. ఉన్న ప్రెస్ అంత తట్టుకోలేకపోతే పంచ్‌ల ఎత్తులు కొద్దిగా తేడాగా పెట్టి అన్నీ ఒకే క్షణంలో కోయకుండా చూడొచ్చు. దాంతో గరిష్ఠ భారం దిగుతుంది. లేదా ఒకే వరస డైతో తీసి, స్ట్రిప్‌ని తిప్పి రెండోసారి పంపవచ్చు. డై ఖర్చు పెరగదు, మనిషి పని రెట్టింపవుతుంది. సంఖ్య తక్కువైతే ఇది మంచి దారి. లక్షల్లో అయితే రెండు వరసల డైనే మేలు.

బ్రాకెట్ లాంటి వంపున్న పార్టుకి ఇంకో చిక్కుంది. రేకుని రోలింగ్ మిల్లులో సాగదీసిన దిశలో గ్రెయిన్ ఉంటుంది. వంపు గీత దానికి అడ్డంగా ఉంటే రేకు బాగా వంగుతుంది. సమాంతరంగా ఉంటే, అందులోనూ గట్టి రకం రేకైతే, వంపు బయటివైపు పగుళ్లు వస్తాయి. స్క్రాప్ తగ్గించాలని పార్టుని స్ట్రిప్ మీద తిప్పి పెట్టేటప్పుడు వంపు గీత ఎటు పడుతోందో చూడాల్సిందే. రెండింటికీ మధ్యగా 45 డిగ్రీల దగ్గర పెడితే చాలాసార్లు ఇటు రేకూ మిగులుతుంది, అటు వంపూ నిలుస్తుంది.

మందం తగ్గించడమా, ఉన్నదే ఉంచడమా?

2 మిల్లీమీటర్ల రేకు బదులు 1.6 వాడితే బరువు 20 శాతం తగ్గుతుంది. ముక్కల్ని దగ్గరగా ఒదిగించే ఏ నెస్టింగ్‌తోనూ అంత ఆదా తేలిగ్గా రాదు. అయితే చదునైన రేకు వంగకుండా నిలిచే గుణం మందం ఘనంతో మారుతుంది. 0.8 ఘనం చేస్తే 0.512, అంటే బిగువు సగానికి పడిపోతుంది. పొడుగునా ఒక రిబ్బు నొక్కితేనో, అంచుని కాస్త మడిచితేనో పోయిన బిగువు చాలావరకు తిరిగొస్తుంది. ఇందుకు డైలో ఫార్మింగ్ పని పెరుగుతుంది, కానీ ఆ ఖర్చు ఒకసారిదే. సంఖ్య పెద్దదైనప్పుడు ఇంతకంటే మంచి బేరం నాకు కనిపించదు. వెల్డింగ్ పడే చోట, థ్రెడ్ పట్టాల్సిన చోట మాత్రం మందం ముట్టుకోకపోవడమే మంచిది.

డ్రాయింగ్ మీదే తగ్గించుకోగలిగేవి ఇంకొన్ని ఉన్నాయి. ఉక్కు రేకులో రంధ్రం వ్యాసం రేకు మందం కంటే చిన్నదైతే సన్నటి పంచ్ తరచూ విరుగుతుంది. వంపుకి మరీ దగ్గరగా రంధ్రం ఉంటే వంచేటప్పుడు అది సాగిపోతుంది, కనుక వంచాక కొట్టాలి. అంటే ఒక స్టేజ్ పెరిగినట్టే. మందానికి రెట్టింపు, దానికి లోపలి వంపు రేడియస్ కలిపితే వచ్చే దూరం పాటిస్తే ఆ బెడద ఉండదు. బోల్టు దూరే మామూలు రంధ్రానికి ±0.03 మిల్లీమీటర్ల టాలరెన్స్ (అనుమతించే తేడా) ఎందుకని డిజైనర్‌ని అడగాలి. చాలాసార్లు పాత డ్రాయింగ్ నుంచి అలా వచ్చేసి ఉంటుంది.

డై స్టీల్, సెటప్

పంచ్‌లకి డైలలో వాడే డీ2 స్టీలా, ఇంకా గట్టిదైన కార్బైడా? రేకు మామూలుదై, ముక్కలు కొన్ని లక్షల్లోనే ఉంటే డీ2 చాలు. గ్రైండింగ్ తేలిక, పెచ్చూడే భయం తక్కువ. వేగంగా నడిచే ప్రెస్ మీద కోట్లలో తీసేచోట కార్బైడ్ తన ధర తానే సంపాదించుకుంటుంది. దానికి ప్రెస్ అలైన్‌మెంట్ చక్కగా ఉండాలి, ఊగే ప్రెస్‌లో కార్బైడ్ పెట్టడం వృథా. పంచ్‌కి మళ్లీ పదును పెట్టే ఒక్కో రీగ్రైండింగ్‌లో 0.15 మిల్లీమీటర్లు పోతుందనుకుంటే, 5 మిల్లీమీటర్ల వాడకపు ఎత్తు ముప్పైసార్లకి పైగా వస్తుంది. కోత అంచున లేచే బర్ బాగా పెరిగేదాకా ఆగితే ఒక్కసారికే ఎక్కువ తీయాల్సి వచ్చి ఆ లెక్క సగమవుతుంది. ఇంతలో పార్టులకి ఆ బర్ తీసే డీబరింగ్ ఖర్చు కూడా చేరుతుంది.

పంచ్‌కీ డైకీ మధ్య ఉంచే సందు, అంటే క్లియరెన్స్ సంగతి కూడా ఇక్కడే చూడాలి. పాత అలవాటు ప్రకారం ఒక్కో వైపు మందంలో 5 శాతం, అంటే 2 మిల్లీమీటర్ల రేకుకి 0.1 ఇస్తారు. చాలా పార్టులకి 10 శాతం దగ్గర కూడా అంచు ఒప్పుకోదగ్గట్టే ఉంటుంది. పంచ్ బయటికి వచ్చేటప్పుడు పట్టుకోవడం తగ్గి ఎక్కువ కాలం మన్నుతుంది. అంచు కనిపించే పార్టుకైతే ముందు నమూనా తీసి చూసుకోవాలి.

చిన్న లాట్లు ఎక్కువగా నడిపేవాళ్లకి కొత్త డై కంటే సెటప్ సమయం తగ్గించుకోవడమే మేలు. 1969లో టయోటాలో 1,000 టన్నుల ప్రెస్‌కి డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. జపాన్ ఇంజినీరు షిగియో షింగో దాన్ని ముందు 90 నిమిషాలకి, తర్వాత 3 నిమిషాలకి దించారు. ప్రెస్ ఆపితే తప్ప కుదరని పనులేవి, నడుస్తుండగానే చేసుకోగల పనులేవి అని విడదీయడమే అందులోని కీలకం. డైలన్నిటికీ ఒకే షట్ హైట్ (డై మూసినప్పటి ఎత్తు), ఒకే క్లాంపింగ్ ఎత్తు పెట్టుకోవడం ఎవరైనా మొదలుపెట్టగల పని. స్టేజ్ డైలు వాడేవాళ్లకి దీని లాభం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒక్కో పార్టుకీ మూడు సెటప్‌లుంటాయి.

టూల్ రూమ్‌ని కొటేషన్ అడిగేటప్పుడు డై ధరతో పాటు స్ట్రిప్ లేఅవుట్ బొమ్మ, ముక్కకి పట్టే స్థూల బరువు (స్క్రాప్‌తో కలిపి రేకు బరువు), కావాల్సిన టన్నులు, రీగ్రైండింగ్‌కి ఉన్న ఎత్తు, ఈ నాలుగూ రాతపూర్వకంగా తీసుకోండి. ఇద్దరి ధరల మధ్య తేడా ఉంటే, ముందు ఇద్దరి స్థూల బరువుల తేడాని మొత్తం ముక్కల సంఖ్యతో గుణించి, రేకు ధరతో లెక్కకట్టండి. స్క్రాప్ అమ్మితే తిరిగొచ్చేది తీసేయండి. ఎక్కువ ధర చెప్పినవాళ్ల డైయే చవకని తేలితే, బేరం వాళ్లతోనే మొదలుపెట్టండి.