పసిఫిక్ దీవుల సొత్తు: ఇచ్చేయడం మేలా, కలిసి చూసుకోవడం మేలా?

పసిఫిక్ దీవుల నుంచి తరలిపోయిన వస్తువుల విషయంలో మ్యూజియాల ముందు రెండు దారులున్నాయి. సొంతవాళ్లకు ఇచ్చేయడం ఒకటి, ఉన్నచోటే ఉంచి బాధ్యత పంచుకోవడం ఇంకొకటి. పూర్వీకుల అవశేషాల మీద మాత్రం చర్చే అక్కర్లేదు, పంపేయాల్సిందే. న్యూజీలాండ్‌లోని తె పాపా మ్యూజియం 2003 నుంచి అక్కడి మూలవాసులైన మావోరీ, మొరియోరి జాతుల అవశేషాలను దేశదేశాల నుంచి ఇంటికి రప్పిస్తోంది.

మొదటి దారికి నాకు గుర్తొచ్చేది హవాయి రాజు కలానిఓపుఉ ఈకల వస్త్రం. 1779 జనవరి 26న ఆయన తాను కప్పుకున్న ఆ వస్త్రాన్నే తీసి బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ భుజాల మీద కప్పాడు. ఒలోనా అనే మొక్క నారతో అల్లిన వలకు ఎర్రటి, పసుపు రంగు ఈకలను చిన్న చిన్న కట్టలుగా ముడివేసుకుంటూ పోయిన పని అది. సుమారు 20,000 పక్షుల ఈకలు పట్టాయని అంచనా. చేతులు మారుతూ 1912లో తె పాపా ఉన్న వెల్లింగ్టన్ నగరానికి చేరింది. 2016లో తె పాపా దాన్ని హవాయి రాజధాని హొనొలులులోని బిషప్ మ్యూజియానికి కొన్నేళ్ల అప్పుగా పంపి, 2020లో శాశ్వతంగా ఇచ్చేసింది. రాజు ఇష్టపడి ఇచ్చిన కానుక కదా, మాదేనని వాదించొచ్చు. వాదించలేదు. ఆ నిర్ణయం నాకెంతో నచ్చింది.

రెండో దారికి ఉదాహరణ షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని రువాటెపుపుకే. అది న్యూజీలాండ్‌లోని టొకొమారు బే ఊరి మావోరీల 1881 నాటి సభామందిరం, 1905లో మ్యూజియం కొన్నది. మావోరీలకు సభామందిరం అంటే పూర్వీకుడి దేహం: నడిదూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. 1986లో మావోరీ కళా ప్రదర్శన షికాగోకు వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లతో మాటలు మొదలయ్యాయి. ఇద్దరూ కలిసి బాగుచేయించి 1993లో తెరిచారు. అద్దాల వెనక బంధించకుండా, సందర్శకులను లోపలికి రానిస్తారు.

నా ఓటు ఇచ్చేయడానికే. కలిసి చూసుకోవడంలో ఎంత మర్యాద ఉన్నా తాళాలు మ్యూజియం దగ్గరే ఉంటాయి. డైరెక్టర్ మారితే, బడ్జెట్ తగ్గితే మాట నిలబడుతుందన్న గ్యారంటీ లేదు. పైగా ఈకల పని నేర్చుకునే హవాయి పిల్లలకు ఆ ముడులు దగ్గర్నుంచి కనపడాలి. ఫొటోలు, త్రీడీ స్కాన్లు సాయపడతాయి గానీ వాటితో సరిపెట్టడం అన్యాయం. సొంతవాళ్లే ఉండనివ్వమంటే సరే, అప్పుడు షికాగో పద్ధతి చక్కగా పనికొస్తుంది.

అడిగినా ఇవ్వని చోట్లున్నాయి. రాపా నుయి (ఈస్టర్ ద్వీపం) నుంచి 1868లో బ్రిటిష్ నావికులు తీసుకెళ్లిన హోవా హకననైఆ శిలావిగ్రహం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. 2018లో ద్వీపవాసులు వెళ్లి అడిగారు, బదులుగా నకలు చెక్కిస్తామన్నారు. వస్తువులను ఇచ్చేయనివ్వని 1963 నాటి చట్టం ఆ మ్యూజియం చేతులు కట్టేస్తోంది. మన అమరావతి శిల్పాలున్నదీ అక్కడే కాబట్టి ఆ బాధ మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

చిన్న దీవుల్లో ఏసీ గదులు, నిపుణులు లేరన్న సాకు తరచూ వింటాం. అలాంటప్పుడు ఆ గది కట్టించే ఖర్చు, శిక్షణ ఖర్చు పంపే మ్యూజియమే పెట్టుకోవాలి. దానికంటే ముందు తమ గోదాముల్లో ఎవరివి ఏమేం ఉన్నాయో జాబితా రాసి ఆయా దీవులకు పంపాలి. ఉన్నదని తెలియందే ఎవరైనా ఎలా అడుగుతారు?